రోజుకు రెండు చుట్లు

"మోకాలు నొప్పెడితే ఆగరా నాయనా. ఎవరూ ఏమీ అనుకోరు."

సైకిల్ మీద వెనకే వస్తూ హెరాన్ ఈ మాట అనడం ఇది మూడోసారి. ముందు పరిగెడుతున్న కొడుకు హాన్‌సోల్ తల కూడా తిప్పలేదు.

"నువ్వలా అంటూ ఉంటే నిజంగానే నొప్పెడుతుందమ్మా."

గ్యోంగ్‌ఫో సరస్సు చుట్టూ దారి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కడా ఎత్తుపల్లాల్లేవు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చెర్రీ చెట్లు, ఆ వెనక పైన్ తోపు, అది దాటితే సముద్రపు హోరు. సెలవు రోజుల్లో సియోల్ కుర్రాళ్ళు జట్లు జట్లుగా వచ్చి ఇక్కడ పరిగెత్తి, గుట్ట మీది పాత మండపం ముందు ఫొటోలు దిగి పోతారు. హాన్‌సోల్ మాత్రం వాళ్ళ నాన్న కోసం రోజూ రెండు చుట్లు పరిగెడుతున్నాడు.

నాన్న మాన్‌సిక్ కాలేయం పాడైపోయింది. సోయా పాలు సముద్రపు నీళ్ళతో విరిచి ముప్ఫయ్యేళ్ళు ఊరికి టోఫూ పెట్టిన మనిషి, ఇప్పుడు గోడకి ఆనుకుని కూడా కూర్చోలేకపోతున్నాడు. కళ్ళు పచ్చగా పండిపోయాయి. ఇంకొకరి కాలేయంలోంచి ముక్క తీసి పెడితే తప్ప చలికాలం దాటడన్నారు. సరిపోయింది కొడుకు రక్తమే. కాకపోతే వాడు బొద్దు మనిషి. కాలేయంలో పద్దెనిమిది శాతం కొవ్వుందనీ, అది ఐదుకి దిగితేనే కోత పెడతామనీ చెప్పి ఆస్పత్రివాళ్ళు ఎనిమిది వారాలు గడువిచ్చారు.

సంగతి ఊరంతా పాకింది. యువజన సంఘంవాళ్ళు మండపం మలుపులో రెండు చెట్ల మధ్య బ్యానరు కట్టేశారు. 'తండ్రికి కాలేయమిస్తున్న సుపుత్రుడు హాన్‌సోల్‌కు జేజేలు.' దాని కిందుగా వెళ్ళినప్పుడల్లా హెరాన్ తల దించుకునేది. పని కాకముందే ఈ డప్పు కొట్టడమేమిటని గొణుక్కునేది.

పాత జమీందారు లోగిలి దగ్గర ఆడపడుచు పిల్సూన్ కాపు కాసి ఉంది.

"ఏరా కుడుమూ, ఎంత తగ్గావు?"

"తొమ్మిది కిలోలత్తా."

"ఇంకో చుట్టు వెయ్యి, పదవుతుంది. మీ నాన్న నిన్ను ఎత్తుకు తిరిగిన దూరంలో ఇదెంత?"

"వాడు నిన్న వాంతి చేసుకున్నాడు వదినా," అంది హెరాన్.

"చేసుకోనీ. చచ్చిపోయేవాడి కంటే వాంతి చేసుకునేవాడు నయం. దారిలో వాడికేమీ పెట్టట్లేదు కదా? నీ చెయ్యి ఊరుకోదు."

"బార్లీ నీళ్ళే. మూత తీసి చూడు."

పిల్సూన్ నిజంగానే మూత తీసి వాసన చూసింది.

"సరే. వాడికింకా పంతొమ్మిది నిండలేదు, మైనరు కిందే లెక్క, తల్లి సంతకం కూడా అడుగుతారట. తెలుసా?"

"తెలుసు వదినా."

ఆవిడ వెళ్ళాక తల్లీకొడుకులు గట్టు మీద కూర్చున్నారు.

"ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కోస్తారటరా," అంది హెరాన్, వాడి పొట్ట మీద వేలితో గీస్తూ.

"కోసినా మళ్ళీ పెరుగుతుందమ్మా. మూడు నెలల్లో."

"పెరగకపోతే? ఎన్ని వేలమందికో ఒకరు బల్ల మీంచి లేవరట. ఆ ఒక్కడికీ ఒక తల్లి ఉంటుంది కదా."

హాన్‌సోల్ నవ్వాడు. "స్కూలు పిక్నిక్‌కి పంపేటప్పుడూ ఇదే అన్నావు. ఎన్నో బస్సుల్లో ఒకటి లోయలో పడుతుందని. పడిందా?"

"పడలేదనుకో," అంది ఆమె, వాడి మెడ మీది చెమట తుడుస్తూ.

గడువు తీరాక మళ్ళీ పరీక్షలన్నీ చేశారు. కాలేయం ఇచ్చేవాళ్ళతోనూ, ఇంట్లోవాళ్ళతోనూ విడివిడిగా మాట్లాడటం అక్కడి పద్ధతి. తలుపు వేస్తూ నర్సు, "ఈ గదిలో మాట ఈ గది దాటదు," అని చెబుతుంది. హాన్‌సోల్ ఐదు నిమిషాల్లో వచ్చేశాడు. హెరాన్‌కి అరగంట పట్టింది.

"అంతసేపు ఏమడిగారు?" అంది పిల్సూన్.

"అన్నీ," అంది హెరాన్.

మూడోరోజు డాక్టరు అందరినీ పిలిపించాడు. "అబ్బాయి కాలేయం తీసుకోవడం కుదరదు," అన్నాడు.

హాన్‌సోల్ మొహం పాలిపోయింది. "కొవ్వు దిగలేదాండీ? ఇంకో రెండు వారాలివ్వండి. మూడు చుట్లు వేస్తాను."

డాక్టరు ఫైలు మూసేశాడు. "నీ తప్పేమీ లేదు బాబూ," అని మాత్రం అన్నాడు.

వరండాలోకి వచ్చాక పిల్సూన్ ఆగలేదు. "చాటుగా ఏం మింగావురా? రామెన్ నూడుల్సా, వేయించిన కోడా? ముందా బ్యానరు విప్పించండి, నలుగురూ నవ్వుతారు."

"వాణ్ణేమీ అనకు వదినా," అంది హెరాన్.

మంచం మీది మాన్‌సిక్ కొడుకుని దగ్గరికి రమ్మని, పిక్క మీద చెయ్యేసి నొక్కి చూశాడు. "గట్టిపడింది. బాగా పరిగెత్తావురా," అన్నాడు.

తొలి మంచు కురిసిన వారంలో ఆయన పోయాడు. చేతికి సంతాపపు నార పట్టీ కట్టుకుని హాన్‌సోల్ కర్మ జరిగిన మూడు రోజులూ వచ్చినవాళ్ళందరికీ వంగి దణ్ణాలు పెట్టాడు. కొందరు వాడి పొట్ట వైపు చూసి మాట్లాడకుండా వెళ్ళారు.

నాలుగోరోజు తెల్లారేసరికి వాడు బూట్లు వేసుకుని బయల్దేరాడు. హెరాన్ సైకిల్ తీసింది. రెండు చుట్లు అయ్యాయి. వాడు ఆగలేదు.

"ఇంకెందుకురా నాయనా?"

"అత్త చెబుతూనే ఉందమ్మా. రోజుకి ఇంకొక్క చుట్టు వేసుంటే నాన్న బతికేవాడు."

"నీ తప్పు కాదురా."

"మరెవరిదమ్మా?"

హెరాన్ సైకిల్ ఆపేసింది. కొడుకు నీళ్ళ అంచున చిన్నవాడైపోతూ, మలుపు తిరిగి కనబడకుండా పోయాడు.

పరీక్షలో వాడు నెగ్గాడు. సంతకం పెట్టనన్నది తల్లి.