ఎర్ర సిల్కు ముక్క

పెళ్ళికి నాలుగు రోజుల ముందు చీనా మామ్మ ఒక ఎర్ర సిల్కు ముక్క తెచ్చి కరుణకుమారి ఒళ్ళో పెట్టింది.

నర్సీపట్నంలో రామాయమ్మ గారి టైలరింగు షాపులో కరుణ మిషను తొక్కేది, మామ్మ కాజాలు కుట్టేది. మామ్మ ఎప్పుడో తాతబ్బాయి అనే మనిషి రంగూన్లో పెళ్ళాడి తెచ్చుకున్న చీనా పిల్ల. తాతబ్బాయి పోయాడు, పిల్లల్లేరు, అసలు పేరేమిటని అడిగిన వాళ్ళూ లేరు.

కరుణకీ ఎవరూ లేరు. మిషన్ హాస్టల్లో పెరిగింది. సారె పెట్టడానికి తల్లి లేదన్న దిగులు ఆ పిల్లని తినేసేది.

అలాంటి పిల్లకి ఈ ముక్క. చీరకి చాలదు, జాకెట్టుకి ఎక్కువ. ఒక పక్క నదురైన అంచు, రెండో పక్క వంకరటింకర కత్తెర కోత.

"ఏటిది మామ్మా, షాపులో మిగిలిందా?"

"ముక్కేనమ్మీ. దాసుకో. మళ్ళీ నాకు కావాల."

చూశారా విడ్డూరం, పెట్టిందే పీలిక, అదీ మళ్ళీ కావాలట. కరుణకి ఒళ్ళు మండింది.

పెళ్ళయ్యాక యలమంచిలిలో అత్తగారు పెట్టె తెరిచి నవ్వింది.

"సారెకి పీలిక ఎట్టారేటమ్మా మీవోళ్ళు?"

కరుణ సిగ్గుతో చచ్చిపోయింది. "బండి తుడుచుకోండి" అని దాన్ని మొగుడు సాల్మన్‌రాజు చేతిలో పెట్టింది. అది స్కూటరు డిక్కీలోకి చేరింది.

ఆరేళ్ళలో మామ్మ రెండుసార్లు కబురంపింది, "అమ్మీని ఓపాలి రమ్మను" అని. ముక్క కోసమేలే అనుకుంది కరుణ. వెళ్ళలేదు.

మూడో కబురు, మామ్మ పోయిందని. మొగుడూ పెళ్ళాం స్కూటరు మీద బేగి వెళ్ళారు.

గదిలో పదిమంది కూడా లేరు. మంచం మీద మామ్మకి ఎర్ర సిల్కు కప్పి ఉంది. అది మోకాళ్ళ దాకానే వచ్చింది. పాదాలు బయటే ఉన్నాయి.

"ఈ గుడ్డేటి తాతా?" మంచం పక్కనున్న ముసలాయన్ని అడిగింది కరుణ.

రంగూన్ నుంచి మామ్మతో ఒకే ఓడలో వచ్చిన మత్స్యలింగం తాత చెప్పాడు.

"ఆల్లమ్మ పెళ్ళికెట్టిన సారె. కూతురి పెళ్ళికి తల్లి ఎర్రసిల్కు ఎట్టాల, తల్లి పోయిన్నాడు కూతురు అది తెచ్చి కప్పాల. ఈవిడ పుట్టింటోళ్ళ ఆనవాయితీ. సగం కోసి ఎవులికో ఇచ్చీసింది. మిగతా ఒళ్ళు కూతురొచ్చి కప్పుతాదని సెప్పీది. ఈవిడికి కూతురెక్కడుందో మరి."

కరుణ బయటికి వెళ్ళి డిక్కీ తెరిచింది.

ముక్క గ్రీజుతో నల్లగా గట్టిపడిపోయింది. చీర కొంగుతో రుద్దింది. పోలేదు. అలాగే తెచ్చి మామ్మ పాదాల మీద పరిచింది.

రెండు కోతలూ వంకరకి వంకర కలిశాయి.

తాత వంగి చూశాడు. "ఇది నీకెక్కడిదమ్మా?"

"మాయమ్మ పెట్టిన సారె, తాతా" అంది కరుణ.