ఆరో గది

తన చిన్నారి కూతురు పిచ్చుక చేయి ఏనాడైనా తుపాకీ మీద పడుతుందేమోనని ఆమెకు భయం. దాన్ని మించిన భయం ఆమెకు ఈ లోకంలో మరొకటి లేదు. తుపాకులు బాగుచేసే మేస్త్రీని కట్టుకున్నాక ఆ భయం వంటింట్లో ఉప్పుడబ్బాలా ఇంట్లోనే కాపురం పెట్టింది.

అందుకే ముందుగదిలో బల్ల మీద రివాల్వర్ కనబడగానే గుమ్మం ఇవతలే ఆగిపోయింది.

“ముందు వీధి తలుపు గడియ పెట్టండి,” అంది భర్తతో.

“పిచ్చుక ఇంట్లో లేదు కదే. పెద్దమ్మ దగ్గర దింపి వచ్చింది నువ్వేగా?”

“లేకపోతే మాత్రం? పెట్టండి.”

బల్లకు అటువైపు కూర్చున్న గార్డు నవ్వాడు. కుర్రాడే. నిద్ర చాలక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. “అక్కకి మీ పనంటే అంత దడా అన్నా?”

“బొమ్మ తుపాకీ చూసినా మా ఆవిడ కాళ్లు వణుకుతాయి. సరే, నీ గొడవేంటో చెప్పు తమ్ముడూ.”

“పేల్చినప్పుడల్లా కాదు, ఎప్పుడో ఒకసారి పక్కకి చిమ్ముతోంది. మొన్న ప్రాక్టీసులో నా పక్కవాడి చెంప చీరుకుపోయింది.”

మేస్త్రీ సిలిండర్ పక్కకు తెరిచి, తూటాలు కూర్చునే ఆరు గదుల్లోనూ వేలు పెట్టి చూశాడు. ఖాళీ. అయినా ఆమె గుండెలు కుదుటపడలేదు. పిచ్చుక పెద్దమ్మ ఇంట్లో ఉందన్న మాట ఒక్కటే ధైర్యం. పెద్దమ్మంటే చుట్టం కాదు, వెనక వీధిలో ఉంటూ పగలు పిచ్చుకను కనిపెట్టుకునే ముసలావిడ. ఆ ఇంట్లో కత్తెర కూడా బీరువా మీదే ఉంటుంది. ఆవిడ కొడుకెవరో పగలంతా లోపలి గదిలో నిద్రపోతాడట, ఈమె ఎన్నడూ చూడలేదు. ఇల్లంతా నిశ్శబ్దం. అక్కడైతే పిచ్చుక ఏ కన్నంలో ఏం కూరినా ఫరవాలేదు. ఆ పిల్లకు కన్నం కనబడకూడదు, క్రేయాన్ గిల్లి కుక్కేస్తుంది. తాళంకప్పలు, కుట్టుమిషను, చివరికి నిద్రపోతున్న తండ్రి చెవి.

మేస్త్రీ సిలిండర్ మూసి, గొట్టంలోకి ఇత్తడి కడ్డీ జార్చాడు. అది గొట్టం దాటి గదిలోకి నున్నగా దిగింది. కడ్డీ తీసి, తూటాను కొట్టే సుత్తి, అదే గుర్రం, వెనక్కి లాగి, సిలిండర్‌ను తర్వాతి గదికి తిప్పాడు. మళ్లీ దిగింది. అలా ఒక్కొక్కటీ చూస్తూ పోయాడు. ఆరో గది దగ్గర కడ్డీ టక్కుమని ఆగింది.

“దొరికాడు దొంగ.”

“కన్నం వంకరగా ఉందా అన్నా?”

“కన్నం బంగారంలా ఉంది. అది వచ్చి గొట్టానికి ఎదురుగా నిలబడటం లేదు, వెంట్రుకవాసి పక్కన ఆగుతోంది. గుండు గొట్టం అంచుకు గీసుకుని, ఆ సీసం ముక్కే నీ నేస్తం చెంప కోసింది. ఇంకొంచెం పక్కకి జరిగుంటే మొత్తం నీ చేతిలోనే పేలేది.”

గార్డు నవ్వడం మానేశాడు. గుమ్మంలో ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేస్త్రీ భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. సిలిండర్ చుట్టూ గదికో గాడి ఉంటుంది. కింద నుంచి ఇనుప పన్ను లేచి గాడిలో కూర్చుంటేనే గది కదలకుండా నిలుస్తుంది. ఆరో గాడి పూడుకుపోయి ఉంది. అతను పుల్ల చెక్కి, దాని మొనతో గాడిలోని మట్టంతా తవ్వి తెల్లగుడ్డ మీద రాల్చాడు. కిరసనాయిలుతో తుడిచి మళ్లీ కడ్డీ జార్చాడు. సర్రున దిగింది.

“ఆకురాయి కూడా ముట్టుకోలేదు. నూనె మడ్డి అనుకున్నా గానీ...” గుడ్డను వెలుగుకు పట్టాడు. “మడ్డి ఊదారంగులో ఉండదే!”

బల్ల మీద తుపాకీ ఉండగా ఆమె ఎన్నడూ దాటని ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆ పలుకును గోటితో నొక్కింది. క్రేయాన్ మైనం.

“ఏమండీ, ఇది పిచ్చుక పనే! మీరే తలుపు తీసి ఉంచారు!”

“మతి పోయిందా నీకు? దాన్ని నువ్వు దింపి వచ్చాకే కదా ఇతను ఇంట్లో అడుగుపెట్టాడు!”

నిజమే. ఆమె ఊపిరి పీల్చుకుంది. లోకంలో క్రేయాన్లు తన కూతురి దగ్గరేనా ఉండేది? ఇప్పుడు ఆమెకు గార్డు మీద జాలి కలిగింది.

“మీ పిల్లలు జాగ్రత్త తమ్ముడూ.”

“పెళ్లే కాలేదక్కా, పిల్లలెక్కడ? నేనూ మా అమ్మా, అంతే.” గార్డు ఆ మైనాన్ని వేళ్ల మధ్య నలిపాడు. “ఆఁ... పగలు మా అమ్మ దగ్గర ఎవరో పాపని వదిలి వెళ్తుంటారు. నేను నిద్రలో ఉంటాను, ముఖం కూడా ఎరగను. వాళ్లింట్లో తుపాకులుంటాయని ఆ తల్లికి భయమట, పాపం...”

అతను వేళ్ల మధ్య ఉన్న మైనం వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

మేస్త్రీ రివాల్వర్ మీద చేయి వేసి గట్టిగా పట్టుకున్నాడు. “ఏం ఫరవాలేదే. ఇది ఇక్కడే ఉందిగా. ఇక్కడే ఉంది కదా తమ్ముడూ?”

“ఇది బాగయ్యేదాకా వాడుకోమని ఆఫీసులో ఇంకోటి ఇచ్చారన్నా,” అన్నాడు గార్డు, తనకే వినిపించనంత మెల్లగా. “తూటాలు నింపిందే. దిండు కింద పెట్టి వచ్చాను.”

ఆమె అప్పటికే చెప్పులు లేకుండా వీధిలో పడింది. ఆమె ఆ ఇంటికి చేరేలోగా మీరూ లేవండి. మీ పిల్లను నమ్మకంగా ఎవరింట్లో వదిలారో, ఒక్కసారి వెళ్లి చూసి రండి.