సెల్ఫ్ మోటారు

గాజువాకలో మా ఇంటి ముందు, మెకానిక్ తాతబాబు మా పాత కారు బానెట్ మూశాడు.

"బేటరీ మంచిదే సార్. సెల్ఫ్ మోటారే పోనాది. అదీ ఇప్పుడు కాదు, శానాళ్లయింది. ఇన్నాళ్లూ ఏటి, మంత్రమేసి నడిపీవోరా?"

"ఒకరు తోస్తే ఒకరు లోపల కూర్చుని స్టార్ట్ చేసేవాళ్లం."

నా భార్య సుధారాణి పోయాక కారు కదల్లేదని చెప్పాను. అతను కొత్త మోటారు వేస్తానన్నాడు. తాళం తిప్పితే చాలు, ఇక రెండో మనిషి అక్కర్లేదన్నాడు.

"వద్దు. రేపు అమ్మేస్తున్నాను. ఇవాళ ఒక్కసారి స్టార్టయితే చాలు."

"అయితే మీరు లోపల కూకోండి. నాను తోసీస్తాను."

"నాకు డ్రైవింగ్ రాదు. నువ్వు కూర్చో."

అతను సుధారాణి సీట్లో కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే వెనక్కి వెళ్లి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాను.