కట్ట అవతలి నీళ్లు

ఆ మనిషి వంగి, ఎర్రనీళ్లలో వేలు ముంచి, నాలుకకు రాసుకున్నాడు.

వీరమ్మకు ఒళ్లు భగ్గున మండింది.

చౌటికుంటలో ఆ మూల నీళ్లను ఊళ్లో ఎవరూ ముట్టరు. చెప్పులతో ఆ దరికి కూడా పోరు. రెండేళ్ల కింద రజాకార్లు ముగ్గురిని కాల్చి అక్కడే పడేశారు. ఆ ముగ్గురిలో వీరమ్మ పెనిమిటి బుచ్చయ్య ఒకడు.

ఆ చోటును ఎవరూ తొక్కకూడదని ఊరంతా రాళ్లూ మట్టీ మోసి కుంటకు అడ్డంగా కట్ట పోసింది.

ఆ ఎండాకాలమే కట్ట అవతలి నీళ్లు ఎర్రబడ్డాయి. నెత్తురు ఇంకా ఆరలేదని అందరూ దండం పెట్టుకున్నారు.

ఇప్పుడు రజాకార్లు లేరు, మిలిటరీ ఉంది. అడవిలోని దళాలకు చేరుతుందని దుకాణాల్లో ఉప్పును పిడికెడుకు మించి అమ్మనివ్వడం లేదు.

ఆ మనిషి పొద్దున్నే వీరమ్మ గుడిసెకు వచ్చాడు. నెరిసిన గడ్డం, మాసిన ధోతి.

"అడివి నుంచి వచ్చిన, అక్కా. ఉప్పు గావాలె. పుండ్లు కడిగెతందుకు లేక ఇద్దరు పోయిండ్రు."

వీరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మొగిలి గంగారం అడవుల్లో దళంలో ఉన్నాడు.

"మా మొగిలి?"

"పేర్లు జెప్పద్దు మేము."

కట్టకు ఇవతలి చౌటినీళ్లు మూడు దినాలు కాస్తే పిడికెడు ఉప్పు కూడా కాదని వీరమ్మ చెప్పింది. అది విని ఆయన కుంట చుట్టూ తిరిగి, కట్ట దాటి, ఇదిగో ఈ పాడు పని చేశాడు.

"ఏం జేసినవన్నా? గది మా ఆయన నెత్తురు!"

"కాదక్కా. ఉప్పు."

ఆయన చెయ్యి చాచి చూపించాడు.

"వాగు కలిసే కాడ ఉప్పు తక్కువ, నీళ్లు తేటగున్నయి. నడిమిట్ల జర ఎక్కువ, పాచి పట్టి పచ్చగున్నయి. గిక్కడికి వాగు రాకుంట మీ కట్ట ఆపింది. ఎండకు నీళ్లు గుంజుకపోయి ఉప్పు చిక్కబడ్డది. గంత ఉప్పుల పాచి గూడ బతుకది. కంటికి కానరాని ఎర్రపురుగు బతుకుతది. గీ రంగు దానిదే."

"అంటే మేం మొక్కింది పురుగుకా?"

"మొక్కుండ్రి, తప్పులేదు. కని గీ నీళ్లు ఎండబెడితె నాలుగొద్దులల్ల బస్తా ఉప్పయితది."

మంచి మాటే. కానీ పచ్చిపుండు మీద పడింది.

"నెత్తురే లేదంటవా? కాల్చినోళ్లు గూడ గదే అన్నరు, ఎవల్నీ సంపలేదని! నీ ఇంటి నెత్తురైతె గిట్ల నాలికె మీద పెడుదువా?"

ఆయన నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దుగూకేదాక నీ గుడిసెల ఉండనియ్యి అక్కా. తొవ్వల మిలిటరోళ్లున్నరు."

"నా గడప తొక్కకు!"

ఆయన తువ్వాల నెత్తిన వేసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్లిపోయాడు.

వీరమ్మ పొయ్యి మీది జొన్న గటక దించకముందే చిట్యాల తొవ్వలో తుపాకులు మోగాయి.

మూడో రోజు గంగారం తండా నుంచి దళానికి కబుర్లు మోసే మాన్‌సింగ్ వచ్చాడు.

"పంతులు రాలేదా అక్కా? మొగిలి కాలికి చీము పట్టింది. ఉప్పు తెస్తనని పోయినోడు మళ్ల రాకపాయె."

వీరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా లేచింది.

ఊరంతా చూస్తుండగా కట్ట దాటింది. ఎర్రనీళ్లు కుండలతో తోడి బండల మీద, పలకల మీద పోసింది. ఎవరూ అడ్డం రాలేదు. పక్కింటి సాలమ్మ ఒక్కతే వచ్చి రెండో కుండ పట్టింది.

నీళ్లు పోసిన నాలుగో రోజుకు ఎరుపు కింద తెల్లగా ఉప్పు పేరింది. ఆయన చెప్పినట్టే బస్తా నిండింది.

ఉప్పు కోసం ఆగిన మాన్‌సింగ్‌ను బస్తా మూతి కడుతూ వీరమ్మ అడిగింది.

"ఎవరు గాయన, మాన్‌సింగ్?"

"జనగామల బడిపంతులు. కొలువు ఇడిసి దళంల కలిసిండు."

"గింత దూరం మా కుంటకే ఎందుకొచ్చిండు?"

మాన్‌సింగ్ బస్తాను భుజానికెత్తుకుని, ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

"నీకు జెప్పలేదా అక్కా? మీ బుచ్చయ్యతోని గీ నీళ్లల్ల పడ్డ ఇద్దర్ల ఒకడు ఆయన కొడుకే."