తెలిసినవాళ్ళే కదా

"కార్డు లేనిదే లోపలికి పంపను," అంది రుమ్యానా.

"నేనెవరో నీకు తెలీదూ?" అన్నాడు వెలిచ్కో.

"నాకు తెలుసా తెలీదా అన్నది కాదండీ. కార్డు ఉందా లేదా అన్నది."

దాన్యూబ్ ఒడ్డున ఉన్న ఆ అణు విద్యుత్ కేంద్రానికి వెలిచ్కో డైరెక్టరు. గేటు దగ్గర రుమ్యానా కాపలా. టైము తొమ్మిదిన్నర. పది గంటలకి విదేశీ తనిఖీ బృందం ముందు ఆయన మాట్లాడాలి. పాత ప్రమాదాలు నేర్పిన పాఠాల గురించి. ఆ బృందం మెచ్చకపోతే రెండో రియాక్టరు మూతపడినట్టే. కార్డేమో ఇంట్లో ఇంకో కోటు జేబులో ఉండిపోయింది.

ఈ గొయ్యి ఆయన తవ్వుకున్నదే. పాత ప్రమాదాల నివేదికలన్నీ చదివి చదివి ఆయన ఒక్కటి తేల్చాడు. యంత్రం కన్నా ముందు మనిషి మొహమాటమే కొంప ముంచుతుంది. తెలిసినవాళ్ళే కదా అని ఒకరు తలుపు తీస్తారు. పెద్దాయనే కదా అని ఇంకొకరు నోరు మూసుకుంటారు. అందుకే డైరెక్టరైన రోజునే నిబంధన రాయించాడు. కార్డు లేకపోతే ఎవరినీ వదలొద్దు, నేనొచ్చినా సరే! కాపలావాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించాడు. మొదటి సంతకం రుమ్యానాదే.

"పోనీ, దారేమిటో నువ్వే చెప్పు," అన్నాడు.

ఆమె ఒక ఫారం తీసింది. "పేరు?"

"వెలిచ్కో దిమోవ్."

"ఎవరిని కలవాలి?"

"నన్నే!"

అలాగే రాసుకుంది. "దీని మీద డైరెక్టరుగారి సంతకం కావాలి."

"ఇలా తే, పెడతాను."

"మీరు డైరెక్టరని తేలాలంటే కార్డు ఉండాలి కదండీ."

డిప్యూటీకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. సమావేశం హాల్లోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. అదీ వెలిచ్కో పెట్టిన నిబంధనే.

"రుమ్యానా, పరువు పోతుంది! నీ సంగతి సాయంత్రం చెబుతా!"

"చెబుదురుగాని. బీపీ మనిషి, అలా అరవకండి. కూర్చోండి."

గేటు బయట బల్ల మీద కూలబడ్డాడు. ఆమె తన డబ్బాలోంచి జున్ను పెట్టి కాల్చిన బనిత్స ముక్క ఒకటి కిటికీలోంచి అందించింది. కోపంగానే తిన్నాడు. ఉప్పు లేదన్నాడు. ఉండకూడదంది.

పదింబావు అయింది. డైరెక్టరు ఏడీ అంటూ బృందం పెద్ద, ఒక ఫిన్లండ్ ఆవిడ, డిప్యూటీని వెంటబెట్టుకుని గేటు దాకా వచ్చేసింది. బల్ల మీద మూతి తుడుచుకుంటున్న వెలిచ్కోని చూసింది. ఫారం తీసుకుని దుబాసీ చేత చదివించుకుంది. ఎవరిని కలవాలి అన్న చోటికి వచ్చేసరికి పడీ పడీ నవ్వింది.

మిగతావాళ్ళనీ బయటికే పిలిపించింది. వెలిచ్కో ఆ బల్ల పక్కన నిలబడే మాట్లాడాడు. గంట ప్రసంగం పది నిమిషాల్లో అయిపోయింది. చెప్పాల్సిందంతా అప్పటికే గేటు దగ్గర జరిగిపోయింది మరి.

ఫిన్లండ్ ఆవిడ భద్రత గడిలో పూర్తి మార్కులు వేసింది.

"డైరెక్టరునే ఆపిన కాపలాని ఇన్నేళ్ళలో ఎక్కడా చూడలేదు. ఇలాంటి మనిషి మీకెక్కడ దొరికింది?" అని అడిగింది.

వెలిచ్కో గేటు వైపు ఓసారి చూసి నిట్టూర్చాడు.

"మా అమ్మ వద్దు వద్దంటున్నా వినకుండా, ఇరవై ఆరేళ్ళ కిందట నేనే పెళ్ళి చేసుకున్నానండీ."