తోడు కూర్చునే మనిషి

ఆ బెంచీ ఏడేళ్ల పిల్లల కొలతకి చేసింది. అందులో అరవై తొమ్మిదేళ్ల మనిషి కూర్చోవాలంటే ముందు కుడికాలు లోపలికి దూర్చాలి. తర్వాత నడుము వంచాలి. ఆఖర్న ఎడమకాలిని చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. అమ్మమ్మ ఎనిమిది నెలలుగా రోజూ ఇదే పని చేస్తోంది. ఒకసారి ఇరుక్కుందంటే బెల్లు కొట్టేదాకా కదలడానికి లేదు. అందుకే పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా గుక్కెడే తాగుతుంది.

"అమ్మమ్మా, కిటికీ మీద బల్లి!" అంది పక్కనున్న మనవరాలు.

"చూశాలే. నువ్వు ఈ లైను చూడు."

మనవరాలిని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఒక్క క్షణం కుదురుండదు. కాలు ఆడుతుంది, కాలు పట్టుకుంటే చెయ్యి, రెండూ పట్టుకుంటే నోరు. విన్న కథ పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లకి, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలన్నీ కలగాపులగం. ‘ప’ని ‘వ’ అంటుంది. ‘మ’కి బదులు ‘య’ రాస్తుంది.

అలాంటి పిల్లల కోసం ఆ బడిలో ఒక రూలుంది. ఇంటి నుంచి పెద్దవాళ్లు ఎవరో ఒకరు వచ్చి, బడి వదిలేదాకా పక్కన కూర్చోవాలి. తోడు మనిషి రాని రోజు పిల్లని క్లాసులోకి రానివ్వరు. వరసగా మూడు రోజులు అలా జరిగితే పేరు కొట్టేస్తారు.

ఊళ్లో మిగతా రెండు బళ్లూ పిచ్చుకని చూడగానే సీట్లు లేవన్నాయి. కూతురూ అల్లుడూ పొద్దున పోతే రాత్రికి గానీ ఇల్లు చేరరు.

"ఇంక నువ్వే దిక్కమ్మా" అంది కూతురు. అంటూ తల్లి మొహంలోకి అదోలా చూసింది. అమ్మమ్మ తల దించుకుంది.

మొదటి నెల ఇద్దరికీ నరకమే. పిల్ల లేస్తే టీచరు అమ్మమ్మని కసిరేది. రెండో నెలలో అమ్మమ్మ ఒక అట్టముక్కకి సన్నటి కిటికీ కత్తిరించింది. దాన్ని పేజీ మీద పెడితే ఒక్క లైనే కనబడుతుంది. పది నిమిషాలకోసారి సుద్దముక్క తెమ్మనో, బోర్డు తుడవమనో పిల్లని లేపమని టీచర్ని బతిమాలింది. ఇంటి దగ్గర స్నానాల గది గోడ మీద తడి వేలితో అక్షరాలు దిద్దించింది. ఆర్నెల్లకి పిచ్చుక ఒక పేజీ తనంతట తాను చదివింది.

"ఇవన్నీ మీకు ఎవరు నేర్పారండీ?" అంది క్లాసు టీచరు ఆశ్చర్యంగా.

"ఎవరూ నేర్పలేదమ్మా. ఇక్కడ కూర్చున్నాకే తెలిసింది."

వరండాలో ముసలి ఆయా మాత్రం, అమ్మమ్మ కనబడగానే ముక్కాలిపీట మీంచి లేచి నిలబడేది. కూర్చోమని సైగ చేసినా వినేది కాదు. వయసుకిచ్చే మర్యాద కాబోలు అనుకునేది టీచరు.

తొమ్మిదో నెలలో మోకాలు మొరాయించింది. మర్నాటి నుంచి ఆ బెంచీ ఎక్కితే ఇంక నడక మర్చిపోవాల్సిందేనన్నాడు డాక్టరు. అమ్మమ్మ కర్ర పట్టుకుని హెడ్మేడమ్ గదికి వెళ్లింది. లోపలికి రాగానే బల్లకి అటువైపు రెండడుగులు వేసింది. తడబడి ఆగింది.

"ఇటు, ఇటు కూర్చోండి" అని ఎదురు కుర్చీ చూపించింది హెడ్మేడమ్.

అమ్మమ్మ సంగతి చెప్పింది. "పిల్ల ఇప్పుడు ఒక్కత్తే కూర్చోగలదమ్మా. టీచరు కూడా ఒప్పుకుంది."

"నాకూ తెలుసండీ. కానీ ఆ రూలు నాది కాదు. నేనొచ్చి రెండేళ్లే. కమిటీ వాళ్లని అడిగితే, ఇన్నేళ్లూ ఎవరికీ ఇవ్వని సడలింపు ఇప్పుడెందుకంటారు." ఆమె బీరువాలోంచి పాత ఫైలు తీసి తెరిచింది. "ఇది చూడండి. పాపం, ఒకావిడ. పిల్లాడికి తోడు కూర్చునేదట, చంకలో ఇంకో నెలల బిడ్డ. రోజూ ఒక్క గంట ముందు వెళ్లనివ్వమని కాళ్లావేళ్లా పడి రాసుకుంది."

ఆ అర్జీకి అడ్డంగా ‘మినహాయింపు లేదు’ అని ఎర్రసిరాతో రాసి ఉంది. కింద అప్పటి హెడ్మేడమ్ సంతకం.

"ఆవిడ పిల్లాడు... ఏమయ్యాడు?" అడిగింది అమ్మమ్మ.

"ఏమవుతాడు? నాలుగో రోజున పేరు కొట్టేశారు. ఆ తర్వాత సంగతి ఎవరికీ తెలీదు." హెడ్మేడమ్ ఒక తెల్లకాగితం ముందుకి తోసింది. "మీరూ ఒక అర్జీ రాసివ్వండి, పెడతాను. ఆశ మాత్రం పెట్టుకోకండి."

అమ్మమ్మ రాయడం మొదలుపెట్టింది. పేజీ నిండింది. సంతకం దగ్గర కలం ఆగిపోయింది. కాగితం చింపేసి లేచి వెళ్లిపోదామనిపించింది. వెళ్తే రేపట్నుంచి మూడు రోజులు. అంతే. గోడ అవతల నుంచి, ఒక్కో మాటనీ కూడబలుక్కుంటూ చదువుతున్న పిచ్చుక గొంతు వినబడుతోంది.

సంతకం చేసేసింది.

హెడ్మేడమ్ చదివి కళ్లెత్తింది. "మీ పిల్ల ఒక్కదానికే కాదా? అసలా రూలే తప్పు, తీసెయ్యమంటున్నారా? కమిటీ మీ మాటెందుకు వింటుందండీ?"

అమ్మమ్మ పాత ఫైలుని మెల్లగా ఆమె ముందుకి జరిపింది.

హెడ్మేడమ్ ఈ కాగితం చూసింది, ఆ కాగితం చూసింది, చప్పున కుర్చీలోంచి లేచి నిలబడింది.

అర్జీ కింద నీలిసిరా సంతకమూ, ‘మినహాయింపు లేదు’ కింద ఎర్రసిరా సంతకమూ ఒక్క చేతివే.