జింకకు జానెడు దూరం

జింకకు ఏమీ కాలేదు. తనకు జానెడు దూరంలో ఆగిన ఎర్ర కారును తాపీగా చూసి, కంచె దూకి మొక్కజొన్న చేలోకి వెళ్ళిపోయింది.

కారుకూ ఏమీ కాలేదు. గీత కూడా పడలేదు.

వెనక వస్తున్న వ్యాన్ మాత్రం ఆగలేకపోయింది. కారును గుద్దకుండా పక్కకు తిరిగి, కరెంటు స్తంభానికి కొట్టుకుంది. ఇప్పుడు అగ్నిమాపక సిబ్బంది దాని తలుపు కోస్తున్నారు. లోపల ఒక ఆడమనిషి ఇరుక్కుపోయింది. బతికి ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు.

కారు నడిపిన గ్రాడీని రోడ్డు పక్క ఇనప రెయిలింగ్ మీద కూర్చోబెట్టి, పక్కనే నిలబడ్డాడు పోలీసు అధికారి యానెక్. గ్రాడీకి ముప్ఫై కూడా ఉండవు. వట్టి చేతులతో వ్యాన్ అద్దం లాగబోయి వేళ్ళన్నీ కోసుకున్నాడు. మళ్ళీ లేచి అటు పరిగెత్తబోతే యానెక్ భుజం పట్టి ఆపాడు.

"నువ్వెళ్ళి చేసేదేం లేదు తమ్ముడూ. వాళ్ళ పని వాళ్ళని చేసుకోనీ."

గ్రాడీ కూర్చున్నాడు. ఇలాంటప్పుడు మనిషి చేత ఏదో ఒకటి మాట్లాడించాలని యానెక్‌కు అనుభవం. పైగా పెన్సిల్వేనియా రోడ్ల మీద ఇన్నేళ్ళుగా తిరుగుతున్నా, ఒక పాత కారు ఇంత తక్కువ దూరంలో ఆగడం అతను చూడలేదు. చక్రాల సందుల్లోంచి మెరుస్తున్న బ్రేకుల మీద అతని కన్ను పడింది. కార్ల పిచ్చి అతనికీ ఉంది. ఆ పిచ్చి ఉన్నవాళ్ళకు చోటూ వేళా ఉండవు.

"కారుతో వచ్చిన బ్రేకులు కావుగా అవి?"

"కావు సార్." అన్నాడు గ్రాడీ. "దీంట్లోనే పెద్ద ఇంజను మోడల్ ఒకటుంది. దానివి. పాత కార్ల యార్డులో నుజ్జయిన బండి ఉంటే విప్పుకొచ్చా. లోపలి రబ్బరు సీళ్ళు మార్చి, రంగు నేనే వేసుకున్నా."

"మరి డిస్కులు?"

"మామూలువే. చిల్లులున్నవి చూడ్డానికే బాగుంటాయి, డబ్బు దండగ. వెనక బ్రేకులు అసలు ముట్టుకోలేదు. ప్యాడ్లు మాత్రం మంచివి వేశా. వాటి దగ్గర కక్కుర్తి పడితే ప్రాణం మీదకొస్తుంది సార్."

"గట్టివాడివే," అన్నాడు యానెక్. "అందరూ నీలా ఉంటే నాకు సగం పని తప్పేది."

వ్యాన్ వైపు చూడగానే అతనికి ఒళ్ళు మండింది.

"దాని సంగతి చూశావా? ముందు చక్రాల్లో ప్యాడ్లన్న మాటే లేదు. ఇనుము ఇనుమును గీరేసింది. వెనకేమో మోయలేనంత సామాను కుక్కారు. ఎన్నాళ్ళ నుంచో కీచుమని మొత్తుకుంటూనే ఉండుంటుంది. ఆ కొంపలో చెవులున్నవాళ్ళే లేరా?"

గ్రాడీ కోసుకున్న వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"మొగుడంటూ ఒకడుంటే వాణ్ణి లాక్కొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి, చూడమని. పాపం, ఆ తల్లి ఆఖరి క్షణంలో కూడా నిన్ను తప్పించాలనే చూసింది."

"బ్రేక్ ఆయిల్ కూడా కొత్త డబ్బా తెరిచాను సార్," అన్నాడు గ్రాడీ, ఎవరో అడిగినట్టు. "పైపుల్లో గాలి బుడగ ఒక్కటి లేకుండా తీశాం. నేను కింద పడుకుని మర తిప్పుతుంటే, పైన పెడల్ తొక్కి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. నేను చెప్పేదాకా కాలు తీయకూడదు. ఓపిక ఉండాలి దానికి."

అతను ఇంకా ఏదో చెప్పబోయాడు. అంతలో కోత యంత్రం ఆగింది.

అంబులెన్సు దగ్గర నుంచి ఒకతను తెల్ల దుప్పటి పట్టుకుని వ్యాన్ దగ్గరకు వచ్చాడు. పరిగెత్తుకుంటూ రాలేదు, నడిచే వచ్చాడు. యానెక్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గ్రాడీ ఈసారి లేవబోలేదు. కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు.

యానెక్‌కు జాలేసింది. తన తప్పేమీ లేకపోయినా ఈ కుర్రాడు దీన్ని జన్మంతా మోస్తాడు. చూపు అటు పోకుండా అడ్డంగా నిలబడి, మళ్ళీ మాటల్లో పెట్టాడు.

"అది సరే గానీ, అంతా కలిపి ఎంతయిందేంటి నీకు ఈ బ్రేకులకి?"

గ్రాడీ అతని వైపు చూశాడు.

"నా జేబులోంచి ఒక్క డాలరు కూడా పెట్టలేదు సార్. ఆ వ్యాన్‌కి బ్రేకులు వేయించుకుందామని మా ఆవిడ దాచుకున్న డబ్బుతోనే అయిపోయింది."